గోడెక్కిన మెట్టె

నేను ఒక మెట్టెని. అచ్చమైన వెండి మెట్టెని. నాణేలూ సైకిళ్లూ తమ కథలు చెప్పుకుంటే ముచ్చటపడి వింటారు కదా, నా వంతు వచ్చేసరికి ఆ ముసిముసి నవ్వులెందుకు? అవి చేతులు మారుతూ లోకం చూశాయి. నేను కాలివేలికి ఉండి చూశాను. చేతిలో ఉన్న వస్తువుకు మనుషుల ముఖాలు కనిపిస్తాయి, ముఖాలేమో అబద్ధాలాడతాయి. పాదాలకు ఆ విద్య ఇంకా పట్టుబడలేదు. భయమేస్తే వేళ్లు ముడుచుకుంటాయి. కోపమొస్తే మడమ నేలను గుద్దుతుంది. ఇక ఆనందం వస్తే ఏం జరుగుతుందో, అదే నా కథ. వినేటప్పుడు కాస్త కళ్లు తిరుగుతాయి, గోడకి ఆనుకుని కూర్చోండి.

విజయనగరం బజారులో సూరాచారి అనే కంసాలి కొలిమిలో పుట్టాను. అంతకుముందు నేనూ, నా జతా ఒకే కడియంలో కలిసి ఉండేవాళ్లం. ఆ కడియం గొర్లె పైడితల్లమ్మ గారిది. కొడుక్కి సంబంధం కుదరగానే ఆవిడ కాలి నుంచి కడియం ఊడదీసి సూరాచారి ముందు పెట్టింది. ఆవిడ కళ్లకు అప్పటికే శుక్లాలు. మనుషులు మసకగా కదిలే నీడల్లా కనిపించేవారు. కానీ చెవులు మాత్రం పాముకు చెవులుంటే అలాగే ఉండేవేమో అన్నంత చురుకు.

"కోడలికి మెట్టెలు సెయ్యి బాబూ. సన్నగా సొగసుగా అక్కర్లేదు. గట్టిగా మోగాల. పిల్ల ఇంట్లో ఏ మూలున్నాదో నాకు వినబడాల" అంది.

సూరాచారి మమ్మల్ని మందంగా వంచి, పైన వరసగా ఐదు వెండి పూసలు అతికించాడు. నాకు ఐదో పూస అతికిస్తూ ఉండగా ఆయనకు తుమ్ము వచ్చింది. పూస కాస్తా నొక్కుకుపోయి చదునైపోయింది. పైడితల్లమ్మ నన్ను బొటనవేలితో తడిమి, "ఇదేటి, ఐదోది సప్పిడైపోనాది?" అని అడిగింది. సూరాచారి తడుముకోకుండా, "దిష్టి తగలకుండా అలా ఉంచానమ్మా" అన్నాడు. ఆయన తుమ్మును నేను జీవితాంతం నెత్తిన మోస్తున్నాను. మోయడం మంచిదే అయింది, ఎలాగో ముందుముందు తెలుస్తుంది.

పెళ్లికొడుకు పేరు సన్యాసిరావు. విశాఖపట్నం రేవులో గుమస్తా. కూడికల్లో తప్పు పట్టుకోవడంలో దిట్టే గానీ, పీటల మీద కూర్చున్న రోజు నన్ను తీసుకుని తిన్నగా పెళ్లికూతురి బొటనవేలికి తొడగబోయాడు. నేను ఎక్కను గాక ఎక్కను. పురోహితుడు దగ్గి, పక్కవేలు చూపించాడు. పెళ్లికూతురు తల వంచుకుని ఉంది కాబట్టి సిగ్గుపడుతోందని అందరూ అనుకున్నారు. ఆ పాదం మీద ఉన్నది నేను. ఆ వేళ్లు నవ్వు ఆపుకోలేక వణుకుతున్నాయి.

ఆ పిల్ల దమయంతి. మద్రాసు వెళ్లి బొమ్మలు వెయ్యడం చదువుకుని వచ్చింది. ఎడమకాలి రెండో వేలు నా ఇల్లు. కుడికాలిది నా జతది. మేమిద్దరం విశాఖపట్నంలో వాళ్లింటి నాపరాళ్ల మీద టిక్కు టిక్కుమంటూ నడిచేవాళ్లం. కింద గదిలో మంచం మీద కూర్చున్న పైడితల్లమ్మ, "వంటింట్లో ఉన్నాది, పెరట్లోకెల్నాది, మెట్లెక్కుతున్నాది" అని తనలో తాను చెప్పుకునేది. ఎప్పుడూ తప్పు పోయేది కాదు.

ఆ రోజుల్లో ఊళ్లో కెరటం చిత్రకారుల సంఘం అని ఒకటుండేది. దాని అధ్యక్షుడు చిదంబర్ మాస్టారు. గడ్డం, భుజాన సంచి, మాటకు ముందొక నిట్టూర్పు. బొంబాయి నుంచి ఆయన ఒక పెద్ద మాట పట్టుకొచ్చాడు, యాబ్‌స్ట్రాక్ట్ ఎక్స్‌ప్రెషనిజం. నోరు తిరగని సభ్యులు దాన్ని అమ్మవారి నామంలా భక్తిగా మింగి ఊరుకునేవారు. దాని అర్థం ఏమిటంటే, చెట్టును చూసి చెట్టు వేయకూడదు. లోపల పొంగేదేదో చేతి విసురుతో తిన్నగా గుడ్డ మీద పడాలి, చూసేవాడికి ఆ విసురే కనిపించాలి. దమయంతి ఈ మాట విన్నప్పుడు ఆమె బొటనవేలు నేల మీద తాళం వేయడం మొదలుపెట్టింది. ఇది నా కోసమే పుట్టింది అన్నట్టు.

"నేనూ వేస్తాను మాస్టారూ" అంది.

ఆయన నిట్టూర్చి, "నీ గీత చక్కగా ఉంటుందమ్మా. పూలు వెయ్యి, పక్షులు వెయ్యి. దీనికి భుజబలం కావాలి" అన్నాడు.

మాస్టారి భుజబలం నేను చూశాను. సంఘం గదిలో ఆయన బొమ్మ వేస్తుండగా దమయంతి పక్కన నిలబడింది, ఆయన చెప్పుల ఎదురుగా నేనున్నాను. తుఫానులా విరుచుకుపడినట్టు కనిపించాల్సిన గీత కోసం ఆయన ముందుగా పెన్సిలుతో సన్నగా గుర్తు పెట్టుకున్నాడు. తర్వాత నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, ఆ గుర్తు దాటకుండా జాగ్రత్తగా రంగు నింపాడు. అంతసేపూ ఆయన కాలివేళ్లు ముడుచుకునే ఉన్నాయి. పాపం అనిపించింది కూడా.

దమయంతి ఇంటికొచ్చి మొగుణ్ణి ఒకే ఒక్క కోరిక కోరింది. రేవు దగ్గర పాతబడ్డ తెరచాప గుడ్డలూ, ఓడలకు పూసే రంగు డబ్బాలూ దొరుకుతాయట, తెచ్చిపెట్టమని. సన్యాసిరావు రిక్షాలో డబ్బాల మధ్య ఇరుక్కుని వచ్చాడు. "ఇల్లు తేలిపోకుండా చూసుకో" అన్నాడు, అంతే. మేడ మీద గదిలో నేలంతా తెరచాప పరిచింది. కుర్చీ లేదు, స్టాండు లేదు. చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుంది. కొబ్బరిపీచు కుంచె ఒకటి, పాత చీపురు ఒకటి, గరిటె ఒకటి. మధ్యాహ్నం పనులయ్యాక తలుపు వేసుకునేది.

ఇక చూసుకోండి నా సామిరంగా. ఆమె ముందు గుడ్డ చుట్టూ నడిచేది, మెల్లగా, పిల్లి పాలగిన్నె చుట్టూ తిరిగినట్టు. నేనూ నా జతా టిక్కు టిక్కు. తర్వాత నడక పరుగయ్యేది. గరిటెలోంచి నల్లరంగు గాలిలో సాగి, మెలిక తిరిగి, చప్పుడు చేస్తూ పడేది. దాని మీదుగా ఒక్క దూకు. చీపురు గిరగిరా తిరిగేది. బూడిదరంగు వానలా కురిసేది. ఆమె మడమ మీద బొంగరంలా తిరిగితే గదిలో కిటికీ నాకు నాలుగు వైపులా కనిపించేది. కొలిమిలో కరిగినప్పుడు కూడా నేనంత ద్రవంగా లేను. ఆమె నవ్వేది, రొప్పేది, నిలబడి చూసేది, ముఖం మాడ్చుకునేది, మళ్లీ దూకేది. ఒంట్లో ఎక్కడెక్కడో దాక్కున్న ఊపంతా పాదాల్లోకి దిగి, అక్కణ్ణించి చేతుల్లోకి ఎక్కేది. మధ్యలో నేనున్నాను కాబట్టి నా గుండా వెళ్లింది. ఇది గొప్పకు చెప్పడం లేదు, కొద్దిగా గొప్పకే.

కింద పైడితల్లమ్మ చెవులు రిక్కించి కూర్చునేది. రాయి మీద నడిస్తే మేము పలుకుతాం, గుడ్డ మీద మూగబోతాం. ఆవిడకు వినిపించేది ఇది: టిక్కుటిక్కుటిక్కు, నిశ్శబ్దం, ధబ్బు, టిక్కుటిక్కు.

"ఒరే సన్నీ, నీ పెళ్లాం మేడమీద ఏటో దాటుతున్నాదిరా" అని కొడుకును పిలిచేది.

"బొమ్మ ఏస్తున్నాదమ్మా."

"బొమ్మేస్తే దూకడమెందుకురా? ఏనుగు బొమ్మేటి?"

ఆ పెద్ద బొమ్మ పూర్తయ్యే రోజున నా జీవితం తిరగబడింది. అన్ని రంగులూ అయ్యాక ఆమె ఎర్రరంగు డబ్బా ఎత్తింది. ఓడ అడుగున పూసే ఎరుపు, తేనెలా చిక్కగా ఉంటుంది. డబ్బా వంచి ధారగా పోస్తూ, వెనక్కి నడుస్తూ, ఒక్కసారి ఎడమ మడమ మీద గిర్రున తిరిగింది. వేళ్ల నిండా రంగు, జారుడు. నేను ఊడిపోయాను. పారిపోయానని ఎవరైనా అంటే నమ్మకండి, ఎగిరిపోయాను. గాలిలో మూడు పల్టీలో నాలుగో కొట్టి, ఎర్రటి మడుగులో వెల్లకిలా పడ్డాను. ఆమె చూడనే లేదు. అప్పుడే బొమ్మ అయిపోయిందని ఆమెకు తెలిసింది. చీపురు కింద పడేసి, నేల మీద చతికిలపడి, తెగ నవ్వింది.

సాయంత్రం ఆమె మెట్లు దిగుతుంటే కింద నుంచి పైడితల్లమ్మ గొంతు.

"ఏటే, ఒక్క కాలే పలుకుతున్నాది?"

ఇల్లంతా తిరగేశారు. మంచాల కింద, తూముల్లో, చెత్తలో. మెట్టె పోవడమంటే మగడి ఆయువుకు ముప్పని పైడితల్లమ్మ నమ్మకం. పైగా నేను ఆవిడ కడియం ముక్కని. ఆ రాత్రికే సింహాచలం అప్పన్నకు మొక్కుకుంది. నా బదులు కోడలి వేలికి పసుపుదారం కట్టింది. "కొత్తది సేయించను. అదే దొరకాల" అంది. సన్యాసిరావు తుమ్మినా దగ్గినా ఆవిడ మంచం దిగి వచ్చేసేది. ఆ మధ్య ఆయన మెడ మీద సెగగడ్డ లేచింది. ఇల్లు ఇల్లంతా వణికిపోయింది, ఆయన తప్ప.

రంగు ఆరాక దమయంతి బొమ్మ మీదికి వంగి చూస్తూ నన్ను కనుక్కుంది. గోటితో పైపొర గీరింది. ఎరుపులోంచి వెండి మెరిసింది. ఆమె కాలివేళ్లు ముడుచుకున్నాయి. నన్ను పెకలిస్తే రంగు పెచ్చులూడి బొమ్మ మధ్య గుంట పడుతుంది. పైగా, ఆమె చాలాసేపు వెనక్కీ ముందుకీ నడిచి చూసింది, ఆ నలుపూ బూడిదా అంతా సుడి తిరిగి వచ్చి నా దగ్గరే ఆగుతున్నాయి. తను కావాలని పెట్టినా అంత సరిగ్గా కుదిరేది కాదు. కింద అత్తగారు మొక్కుకుంటున్న గొణుగుడు వినిపిస్తోంది.

"ఉండు" అంది నాతో మెల్లగా. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెపితే తీసేయమంటారు, తీస్తే బొమ్మ పోతుంది. అలా ఆమె రోజూ పసుపుదారం కట్టించుకుంటూ, తలవంచుకుని తిట్లు తింటూ తిరిగింది.

ఇంతలో కెరటం వారి ప్రదర్శన వచ్చింది. సంఘానికొక పద్ధతి ఉండేది. పెద్ద హాలు మగవాళ్లకు. మంచినీళ్ల కుండ పక్కన కిటికీకీ, తలుపుకీ మధ్య ఉన్న గోడ మహిళా విభాగం. కుట్టుపని చేసిన గుడ్డలూ, గాజుసీసాల మీద చిలకలూ అక్కడే. చట్రానికి బిగించిన దమయంతి బొమ్మను నలుగురు మోసుకొచ్చి ఆ గోడకు ఆనించారు. బొమ్మ సగం కిటికీని మింగేసింది, మిగతా సగం కుండ మీదికి వాలింది. చిదంబర్ మాస్టారు నిట్టూర్చాడు. అదృష్టం చూడండి, పెద్ద హాల్లో ఎదురుగోడ మీద వాన చెమ్మ దిగి పెద్ద మరక పడింది, దాన్ని కప్పడానికి తగినంత పెద్ద బొమ్మ మగవాళ్లెవరి దగ్గరా లేదు.

"ఇక్కడ తగిలించండి" అన్నాడు.

"నా పేరు చీటీ మాస్టారూ?" అంది దమయంతి.

"పెడదాంలేమ్మా, ముందు మేకు కొట్టనీ."

మేకు కొట్టారు. చీటీ పెట్టలేదు. బొమ్మ మీద సంతకమూ లేదు. ఎందుకంటే ఆమె నాలుగు వైపులా తిరుగుతూ వేసింది, దానికి కిందేదో పైదేదో ఆమెకే తెలియదు. ఒక మూల సంతకం పెడితే ఆ మూల కిందిదైపోతుందని పెట్టకుండా వదిలేసింది. ఇక పక్కనే మాస్టారి బొమ్మ, దాని కింద మాస్టారి పేరు, పెద్ద అక్షరాల్లో.

ప్రారంభం రోజున మద్రాసు నుంచి విమర్శకులు వేదాచలం గారు వచ్చారు. ఊరి పెద్దలంతా ఆయన వెంట కదిలారు. సన్యాసిరావు తల్లిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. వేదాచలం గారు ఒక్కో బొమ్మ ముందూ మర్యాదకు ఆగి తలూపుతూ వచ్చి, నా ఎదుట నిలబడిపోయారు. కళ్లజోడు తీశారు, తుడిచారు, మళ్లీ పెట్టుకుని పక్కనున్న మాస్టారి పేరు చదివారు.

"చిదంబర్ గారూ, ఇన్నాళ్లూ మిమ్మల్ని నేను తక్కువ అంచనా వేశాను. ఏమి పౌరుషమండీ ఈ గీతల్లో. ఇది మగవాడి గర్జన. ఇదిగో, ఈ ఎర్రటి సుడి నడుమ ఈ వెండి వలయం చూశారా, అనంత శూన్యంలో ఒంటరి మానవుడు" అన్నారు.

నేను మెట్టెనండీ బాబూ అని అరవాలనిపించింది. మోగుదామంటే రంగులో కూరుకుపోయి ఉన్నాను. చిదంబర్ మాస్టారు ఏం చేశాడంటే, ఏమీ చేయలేదు. అవుననలేదు, కాదనలేదు. గడ్డం నిమురుకుని నేల చూశాడు. నేల మీద ఆయన వేళ్లు ముడుచుకున్నాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

దమయంతి జనంలోంచి ముందుకొచ్చింది. "ఆ బొమ్మ నాదండీ" అంది.

వేదాచలం గారు ఆప్యాయంగా నవ్వారు. "మీ ఇంట్లో వేలాడదీసుకుంటారా అమ్మా? మంచి అభిరుచి."

"కొనడం కాదండీ. వేసింది నేను."

హాల్లో గుసగుసలు బయల్దేరాయి. మాస్టారు ఇరకాటంలో పడి, గొంతు సవరించుకుని, "మరి సంతకమేదమ్మా?" అన్నాడు. అది ఆయన అడిగి ఉండాల్సిన ప్రశ్న కాదు. బొమ్మ ఎవరిదో ఆయనకు తెలుసు. నోరు జారాక వెనక్కి తీసుకోవడానికి అంతమంది ముందు ధైర్యం చాలలేదు.

దమయంతి పాదాలు నాకు పైనుంచి కనిపిస్తున్నాయి. అన్నేళ్లలో మొదటిసారి నేను వాటిని పైనుంచి చూడడం. ఎడమ వేలికి పసుపుదారం. ఆ వేళ్లు ముడుచుకుంటాయేమోనని చూశాను. ఆమె దగ్గర సాక్ష్యం ఒకటే ఉంది, అది నేను. నన్ను చూపిస్తే పేరు దక్కుతుంది. కానీ ఇన్నాళ్లూ అత్తగారి ఏడుపు వింటూ నన్ను దాచిపెట్టిందని బయటపడుతుంది. చూపించకపోతే ఇంట్లో ప్రశాంతత, గోడ మీద మగవాడి గర్జన. ఆమె వేళ్లు విచ్చుకున్నాయి, నేలను గట్టిగా పట్టుకున్నాయి. వెనక్కి తిరిగి నడిచింది. ఒక్క కాలి టిక్కు హాలంతా వినబడింది.

"అత్తమ్మా, ఒకసారి ఇలా రండి" అంది.

పైడితల్లమ్మను బొమ్మ ముందుకు తీసుకొచ్చింది. ముట్టుకోరాదు అని పక్కనే బోర్డు. దమయంతి ఆవిడ చెయ్యి పట్టుకుని ఎత్తి, వేలును నా మీద పెట్టింది. ముసలి వేలు నా మీద నడిచింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదో పూస దగ్గర ఆగింది. సూరాచారి తుమ్ము దగ్గర.

"ఇది నా కడియమే" అంది. ఆ వెంటనే, "నీకు తెలుసేటి, ఇది ఇక్కడున్నాదని?"

"తెలుసత్తమ్మా. బొమ్మ వేస్తుంటే ఊడిపోయి పడింది. తీస్తే బొమ్మ పాడైపోతుందని చెప్పలేదు."

"నేను మొక్కులు మొక్కుతుంటే సూస్తా ఊరుకున్నావు."

"ఊరుకున్నాను. తప్పే. కానీ బొమ్మ నాది."

సన్యాసిరావు నెమ్మదిగా ముందుకొచ్చాడు. "ఆ మెట్టె నేను తొడిగిందేనండీ. ముందు బొటనవేలికి పెట్టబోయాను, అందుకే బాగా గుర్తు" అన్నాడు వేదాచలం గారితో. ఆయనకు తోచిన సాక్ష్యం అది.

చిదంబర్ మాస్టారు తేరుకుని, గబగబా జేబులోంచి చాకు తీశాడు. "ఆవిడ వస్తువు ఆవిడకిచ్చేద్దాం, పెకలించేస్తే సరి" అన్నాడు. వేదాచలం గారు చేతులడ్డం పెట్టారు. "ఆగండి, అది తీస్తే బొమ్మకు ప్రాణం పోతుంది." ఒంటరి మానవుడు కాస్తా మెట్టె అయిపోయినా ఆయన మాట మార్చలేదు, అది ఆయన మంచితనం.

పైడితల్లమ్మ మాస్టారి గొంతు వినిపించిన వైపు తల తిప్పింది. "నువ్వేటి బాబూ, మెట్టెలెట్టుకుంటావేటి?"

హాలు ఫక్కుమంది. మాస్టారి చాకు జేబులోకి వెళ్లిపోయింది. పైడితల్లమ్మ మాత్రం నవ్వలేదు. వేలు ఇంకా నా మీదే ఉంది. ఆవిడ కోపం నాకు తెలుస్తోంది, ఆ వేలు నన్ను గట్టిగా నొక్కుతోంది. తర్వాత నా చుట్టూ గట్టిపడిన రంగును తడిమింది. ఒక గీతను పట్టుకుని చేయి చాచినంత దూరం వెళ్లింది, తిరిగి వచ్చింది. మేడమీద విన్న దూకుళ్లన్నీ ఇప్పుడు వేలికి తగులుతున్నాయన్నమాట. రెండో చేత్తోనూ తడిమింది.

"ఇక్కడ దూకినావు" అంది. "ఇక్కడ గిర్రున తిరిగినావు."

"అవునత్తమ్మా."

"తీస్తే పాడైపోద్దా?"

"పాడైపోతుంది."

ఆవిడ ఆలోచించింది. "పోయిందంటే అశుభం గానీ, ఉన్నదానికి అశుభమేటి? కాలికుంటేనేటి, గోడకుంటేనేటి, సేతికి తగుల్తున్నాది కదా. ఉంచీ." ఇంకా కోపంగానే, "ఇంటికి రా, సెప్తాను నీ పని" అంది.

దమయంతి ఏడ్చింది, నవ్వింది, ఏది ముందో నాకు తెలియలేదు. వేదాచలం గారు తన కలం తీసి ఆమెకిచ్చారు. సంతకం ఏ మూల పెట్టాలన్న ప్రశ్న ఇక లేదు. నా చుట్టూ, గుండ్రంగా, ఎటు తిప్పి తగిలించినా చదవగలిగేలా తన పేరు రాసింది. కింద చీటీ మీద చిదంబర్ మాస్టారే స్వయంగా రాశాడు, గొర్లె దమయంతి అని. అక్షరాలు కాస్త చిన్నవి. మర్నాడు సన్యాసిరావు మరో చీటీ రాసి పెట్టాడు, పెద్ద అక్షరాలతో.

ప్రదర్శన ఉన్నన్నాళ్లూ పైడితల్లమ్మ రోజూ వచ్చి నా ఎదుట కుర్చీ వేయించుకుని కూర్చునేది. నేను మోగనిదాన్నయిపోయానని ఆవిడకు దిగులు. అందుకని బొమ్మ ముందు ఎవరి అడుగుల చప్పుడు ఆగినా పిలిచేది.

"బాబూ, ఆ సీటీ మీద పేరు సదువు."

వాళ్లు లోపల్లోపల చదువుకునేవారు.

"అలాగ్గాదు, గట్టిగా సదువు. నాకు వినబడాల."

"గొర్లె దమయంతి."

"ఆఁ. ఇక్కడున్నాది మా పిల్ల" అనుకుని వెనక్కి వాలి కూర్చునేది.

ఇప్పుడు నేను నగరంలో ఒక చిత్రశాల గోడ మీద ఉన్నాను. కాలికోసం పుట్టి కంటి ఎత్తుకు వచ్చాను. చల్లటి గాలి, మెత్తటి దీపాలు. పైడితల్లమ్మ గారు లేరు. దమయంతికి జుట్టంతా నెరిసింది, ఇప్పటికీ నేల మీదే బొమ్మలు వేస్తుందట, దూకడం మాత్రం తగ్గిందట. అప్పుడప్పుడు వస్తుంది. చీటీ మీద రాసి ఉంటుంది: ఓడ రంగు, తెరచాప గుడ్డ, వెండి. బడిపిల్లలు వచ్చి నన్ను చూసి, వంగి, చీటీలోని పేరు కూడబలుక్కుంటారు. పంతులమ్మ ష్ అంటుంది, ఇక్కడ గట్టిగా మాట్లాడకూడదని.

వెనక వరసలోంచి టిక్కుమని నా జత పలుకుతుంది. "చదవనివ్వండి టీచర్ గారూ" అంటుంది దమయంతి. "కాస్త గట్టిగానే చదవనివ్వండి."